మెదడుకు అధికారాల బదలాయింపు

మా యూనివర్సిటీలో ఫిలాసఫీ శాఖకు ముగ్గురు ప్రొఫెసర్లు ఉండేవారు, విద్యార్థులు ఉండేవారు కాదు. సైకాలజీ శాఖకు విద్యార్థులు ఉండేవారు, గదులు ఉండేవి కావు. నాడీశాస్త్ర కేంద్రానికి గదులూ ఒక యంత్రమూ ఉండేవి, దాన్ని నడిపేవాళ్ళు ఉండేవారు కాదు. ఈ మూడు లోపాలను ఒకచోట పెడితే ఒక నిండు శాఖ అవుతుందని పాలక మండలికి తోచింది. అలా తత్త్వ నాడీ మనోవిజ్ఞాన సంయుక్త పరిశోధన విభాగం ఏర్పడింది. బోర్డు రాయించేసరికి పేరు గుమ్మం దాటి పక్కనున్న గణిత శాఖ కిటికీ మీదికి వెళ్ళింది. గణిత శాఖవారు ఆ కిటికీ తెరవకుండా సహకరించారు.

ఆ విభాగంలో మొదటి పరిశోధక విద్యార్థిని నేను. అప్పటికి నాకు నలభై ఒకటి. పక్క ఊళ్ళో మహిళా డిగ్రీ కాలేజీలో పదకొండు మంది ఆడపిల్లలకు తర్కశాస్త్రం చెప్పేదాన్ని. డాక్టరేట్ చేయడానికి కాలేజీవారు మూడేళ్ళు చదువు సెలవు ఇచ్చారు. అలాంటి సెలవు ఉద్యోగం మొత్తం మీద ఒక్కసారే ఇస్తారు.

నా గైడు ప్రొఫెసర్ భానోజీరావు గారు. తక్కినవారికి మూడు శాస్త్రాల్లో తలా ఒకటి వచ్చు. ఆయనకు మూడూ కొంచెం కొంచెం వచ్చు. మనిషి నిర్ణయం తీసుకుంటాడా, లేక నిర్ణయం ఎక్కడో జరిగిపోయాక తానే తీసుకున్నాననుకుంటాడా అన్నది ఆయన ముప్పై ఏళ్ళుగా అడుగుతూ వచ్చిన ప్రశ్న.

"ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని ఆలోచించామమ్మా ఉమాసుందరీ. ఇహ టోపీ పెట్టి చూద్దాం" అన్నారు.

టోపీ అంటే ఆ యంత్రం తాలూకు రబ్బరు టోపీ. దానికి ముప్పై రెండు బొత్తాలుంటాయి. ఒక్కో బొత్తాం కింద జుట్టు పాయదీసి, జిగురులాంటి జెల్ పూసి, మాడుకు ఆనేలా పెట్టాలి. అప్పుడు మెదడులో కదలిక తెరమీద గీతలుగా కనిపిస్తుంది. తలలో చుక్క నూనె ఉన్నా గీత రాదు. పరీక్ష అయ్యాక తలంటుకోకపోతే జుట్టు అట్టకట్టుకుపోతుంది.

ఏ నిర్ణయాన్ని పరీక్షించాలన్న చర్చ వచ్చినప్పుడు, ఈ దేశంలో రోజూ అత్యధికంగా జరిగే నిర్ణయం పొద్దున్న ఏం కూర వండాలన్నదేనని నేను చెప్పాను. అది ఒక నిర్ణయమని భానోజీరావు గారికి అంతవరకు తెలియదు. ఆయన ఇంట్లో కూర దానంతటదే వస్తుంది.

నలభై మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టాను. ముప్పై తొమ్మిది మంది గృహిణులు. లెక్క నిండడానికి నలభయ్యో మనిషిగా మా లేడీస్ హాస్టల్ మెస్సులో వంట చేసే వీరవేణిని పిలిచాను. ఎదురుగా నాలుగు కూరగాయలు పెడతాను. ఏది వండాలో నిర్ణయించుకున్న క్షణంలో మీట నొక్కాలి. నలభై మందిలోనూ ఒకటే కనిపించింది. మీట నొక్కడానికి అరసెకను ముందే మెదడులో ఒక అల లేచింది. థీసిస్‌లో రెండువందల పద్నాలుగో పేజీలో ఇలా రాశాను: 'నిర్ణయం మనిషికి తెలియకముందే మెదడులో జరిగిపోతుంది. తెలియడమన్నది తర్వాత చేరే వార్త మాత్రమే.'

ఆ వాక్యం యూనివర్సిటీ వార్షిక నివేదిక అట్టమీద అచ్చయింది, 'ప్రపంచ స్థాయి ఫలితం' అన్న శీర్షికతో.

మార్చి ఆరో తారీఖున థీసిస్ సమర్పణకు ఫైలు పెట్టాను. గైడుగారి సంతకం అయింది. ఇంకా రెండు కావాలి, రిజిస్ట్రారుదీ ఉపకులపతిదీ. మార్చి ముప్పై ఒకటిన భానోజీరావు గారు రిటైరవుతున్నారు. నా సెలవు అయ్యేదీ ఆ రోజే. గైడు రిటైరయ్యేలోగా థీసిస్ ఇవ్వకపోతే కొత్త గైడు కింద మళ్ళీ మొదటి సంవత్సరం నుంచి నమోదు కావాలని నిబంధన. నాకు రెండో సెలవు లేదు కాబట్టి దానర్థం, ఇక డాక్టరేట్ లేదని.

"ఇరవై అయిదు రోజులుంది. రెండు సంతకాలేగా" అన్నారు మా ఆయన. ఆయన కరెంటాఫీసులో పనిచేస్తారు. అయినా అలా అన్నారు.

అదే వారం ఆడిట్ వారొచ్చారు. వాళ్ళు చూడాల్సింది టోపీ కొనుగోలు కాగితాలు. కాని ఆడిట్ అధికారి తారకేశ్వరరావు గారు ఫైల్లో ఏముంటే అది మొదటి నుంచి చివరిదాకా చదివే మనిషి. టోపీ ఎందుకు కొన్నారో తెలపడానికి నా థీసిస్ సారాంశం జతచేసి ఉంది. అదీ చదివారు. మా యూనివర్సిటీలో దాన్ని పూర్తిగా చదివిన మొదటి అధికారి ఆయనే.

ఆడిట్ వారు కాగితం ఎడమ సగంలో ప్రశ్న రాసి, కుడి సగం జవాబుకు ఖాళీగా వదిలి ఇస్తారు. దాన్ని హాఫ్ మార్జిన్ అంటారు. ఆ సాయంత్రం రిజిస్ట్రారు విశ్వనాథరాజు గారి బల్లమీదికి వచ్చిన హాఫ్ మార్జిన్‌లో ఇలా ఉంది:

'సదరు విభాగపు పరిశోధన ప్రకారము నిర్ణయము అధికారికి తెలియకమునుపే ఆయన మెదడుచే తీసుకొనబడుచున్నది. విశ్వవిద్యాలయ చట్టము నిర్ణయాధికారమును ఉపకులపతికిని, రిజిస్ట్రారుకును ఇచ్చినదే తప్ప వారి మెదళ్ళకు ఇచ్చియుండలేదు. అట్టి అధికార బదలాయింపు ఉత్తర్వు ఉన్నచో నకలు జతపరచవలెను. లేనిచో స్థాపన నాటి నుండి తీసుకొనబడిన నిర్ణయములన్నియు ఎట్లు చెల్లునో వివరించవలెను.'

మర్నాడు రిజిస్ట్రారు గదిలో సమావేశం జరిగింది. అలాంటి ఉత్తర్వు కోసం రికార్డు గదిలో రాత్రి దాకా వెతికామనీ, దొరకలేదనీ సూపరింటెండెంట్ సూర్యచంద్రం గారు చెప్పారు.

భానోజీరావు గారు తారకేశ్వరరావు గారికి నచ్చజెప్పబోయారు. "సార్, మెదడు కూడా ఆయనదే కదండీ."

"ఆయనదేనని చూపించే కాగితం ఉందాండి?"

"తలలోనే ఉంటుంది కదండీ."

"మీ బీరువాలో ఉన్న ప్రతి వస్తువూ మీది కాదు కదండీ ప్రొఫెసర్ గారూ. స్టాకు రిజిస్టర్లో ఎక్కితేనే."

నేను చివరి కుర్చీలోంచి లేచి, నా ఫలితం తప్పయినా కావచ్చునని అన్నాను. ఫైలు కదలడం కోసం నేను అంతదాకా దిగాను. విశ్వనాథరాజు గారు నావైపు జాలిగా చూశారు. "అలా అనకమ్మా. వార్షిక నివేదిక ఆరువందల కాపీలు పంచేశాం. ప్రపంచ స్థాయి ఫలితం తప్పెలా అవుద్ది?"

మూడు రోజులు ఒక్క ఫైలు మీదా సంతకం జరగలేదు. నాలుగో రోజున ఉపకులపతిగారు ఉత్తర్వు జారీ చేశారు. విజ్ఞానశాస్త్రాన్ని శిరసావహించే సంస్థగా యూనివర్సిటీ ఈ ఫలితాన్ని పాలనలో అమలుపరుస్తున్నదనీ, అధికారులకు గల నిర్ణయాధికారాలను ఇందుమూలంగా వారి వారి మెదళ్ళకు బదలాయించడమైనదనీ, ఇకమీదట ప్రతి సంతకమూ టోపీ ధరించి మాత్రమే చేయాలనీ, సంతకానికి ముందు అల లేచినట్టు తెలిపే గీతను ఫైలుకు జతచేయాలనీ అందులో ఉంది. టోపీ యూనివర్సిటీ మొత్తానికి ఒకటే. దాన్ని పెట్టడం వచ్చిన మనిషీ ఒకటే. ఆ మనిషిని నేను. నా ఫైలు కదలాలంటే నేనే టోపీ పట్టుకుని తిరగాలి.

మొదటి చిక్కు తలనూనె. ఉత్తర్వుకు అనుబంధంగా, అధికారులు సంతకం రోజున తలస్నానం చేసి, నూనె రాయకుండా రావాలని సర్క్యులర్ వేశారు. విశ్వనాథరాజు గారు శనివారం తప్ప తలంటుకోరు. శనివారం ఆఫీసుకు సెలవు. ఆర్థిక విభాగం అధికారిణి మంగళ, శుక్రవారాల్లో ఫలానా తిథి ఉంటే పోసుకోదు. ఉపకులపతిగారు జుట్టుకు రంగు వేస్తారు, జెల్ తగిలితే రంగు దిగుతుందేమోనని ఆయన భార్య ఫోన్ చేసి అడిగారు. దిగదని చెప్పాను, మచ్చలు పడితే పడొచ్చన్నాను. అధికారుల తలస్నానాల వారాలతో సూర్యచంద్రం గారు ఒక పట్టిక తయారుచేసి నోటీసు బోర్డులో అంటించారు. రిజిస్ట్రారు ఆఫీసు వెనకాల కుళాయి దగ్గర ఒక బకెట్టు, చెంబు, షాంపూ పొట్లాలు ఏర్పాటు చేశారు. ఇరవై ఏళ్ళుగా నేను పిల్లలకు తలంటుతూనే ఉన్నాను కాబట్టి నాకు పని కొత్తగా అనిపించలేదు. పెద్దవాళ్ళు కళ్ళలో నురగ పడిందని ఎక్కువ గొడవ చేస్తారు, అంతే.

పదహారో తారీఖున, ప్రత్యేక అనుమతితో సోమవారం తలంటుకుని, విశ్వనాథరాజు గారు టోపీ పెట్టించుకుని కూర్చున్నారు. మొదటి ఫైలు తెచ్చారు. సంతకం పెట్టవలసిన చోట మామూలుగానే పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు ఉంది. గుమాస్తాలు అలా పెట్టి పంపితే అధికారులు దానిమీద సంతకం చేసి ముందుకు తోస్తారు. ఆయనా చేశారు.

తెరమీద అల లేవలేదు.

"మళ్ళీ పెట్టమంటావా అమ్మా?"

"పెట్టండి సార్."

పదిహేడు సంతకాలు పెట్టారు. గీత చెరువు నీళ్ళలా అలాగే ఉంది. యంత్రం చెడిపోయిందనుకున్నాం. అంతలో అటెండరు వచ్చి, "పెసరట్టు తెమ్మంటారా, ఇడ్లీయా అండి?" అని అడిగాడు. తెరమీద ఇంత ఎత్తున అల లేచింది.

"పెసరట్టు" అన్నారు రిజిస్ట్రారు, తర్వాత.

యంత్రం బాగానే ఉందని తారకేశ్వరరావు గారు రాసుకున్నారు. ఉపకులపతిగారికి పెట్టి చూశాం. ఆయనకు ముప్పై సంతకాల్లో ఒకచోట చిన్న కదలిక వచ్చింది. పెన్ను రాయడం మానేసినప్పుడు.

హాఫ్ మార్జిన్ రెండోది వచ్చింది: 'సంతకము చేసిన అధికారుల మెదళ్ళలో నిర్ణయము జరిగిన ఆనవాలు లేదు. అయినను నిర్ణయములు జరుగుచునే యున్నవి. అవి ఎవరి మెదడులో జరుగుచున్నవో తెలుపవలెను.'

పెన్సిలు గుర్తు పెట్టేది సూర్యచంద్రం గారు కాబట్టి టోపీ ఆయనకు పెట్టాం. ఇరవై రెండు గుర్తులు పెట్టారు. గీత కదలలేదు.

"సూర్యచంద్రం గారూ, ఈ ఫైలు ఆమోదానికి పెట్టాలని ఎలా అనుకున్నారండీ?" అని అడిగారు తారకేశ్వరరావు గారు.

"నేనేం అనుకోలేదండి. ముందు ఫైల్లో అలాగే ఉందండి."

"ముందు ఫైల్లో ఎవరనుకున్నారు?"

"దానికి ముందు ఫైల్లో ఉందండి."

వారం రోజులు ఫైలు వెనక ఫైలు తీసుకుంటూ వెళ్ళారు. అన్నీ ముప్పై ఆరేళ్ళ కిందటి ఒక నోటు దగ్గర ఆగాయి. అది రాసిన సూపరింటెండెంట్ కాలం చేసి పద్దెనిమిదేళ్ళయింది. యూనివర్సిటీ నిర్ణయాలన్నింటికీ మూలం కీర్తిశేషులైన మీ భర్తగారి మెదడని తేలినందున, ఆ నిర్ణయం ఏ పరిస్థితుల్లో తీసుకున్నారో తెలపవలసిందిగా ఆయన భార్యకు రిజిస్టర్డ్ ఉత్తరం రాశారు. ఆవిడ తిరుగు టపాలో జవాబిచ్చింది. 'మా వారు ఇంట్లో కూడా ఎప్పుడూ ఏమీ నిర్ణయించలేదు. ఆఫీసులో చేశారంటే నమ్మలేను. నమస్కారములతో.'

అప్పటికి ఇరవై ఆరో తారీఖు. ఇంట్లో నేను అన్నం వడ్డిస్తూ ఆగిపోతున్నానని మా ఆయన అన్నారు. కాలేజీ నుంచి మా ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, ఏప్రిల్ ఒకటిన నా పేరు టైమ్‌టేబుల్లో వేశామనీ, పట్టాతో వస్తున్నట్టేనా అనీ అడిగింది. వస్తున్నానని చెప్పాను. పట్టా సంగతి చెప్పలేదు.

ఉపకులపతిగారు అత్యవసర సమావేశం పెట్టారు. "నిర్ణయాత్మక నాడీ సామర్థ్యం కలిగిన సిబ్బందిని గుర్తించడం తక్షణ కర్తవ్యం" అన్నారు. టోపీతో నూట నలభై మందిని పరీక్షించే టైము లేదు. ఇదివరకే అల లేచినట్టు రుజువున్నవాళ్ళ జాబితా నా దగ్గరుందని భానోజీరావు గారు గుర్తుచేశారు. ఆ నలభై మందిలో యూనివర్సిటీ నుంచి జీతం తీసుకునే మనిషి ఒక్కతే, మెస్సు వీరవేణి.

"ఆవిడ దినసరి కూలీ కదా?" అన్నారు రిజిస్ట్రారు.

"పదిహేడేళ్ళ నుంచండి" అన్నారు సూర్యచంద్రం గారు.

తాత్కాలిక ప్రాతిపదికపై, సీనియారిటీకి గాని పర్మనెంటు ఉద్యోగానికి గాని ఎలాంటి హక్కూ లేకుండా, శ్రీమతి వీరవేణిగారిని యూనివర్సిటీ నిర్ణయాధికారిణిగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. ఆమెకు కార్యాలయం కేటాయించబోతే, పొయ్యి మీద అన్నం వదిలి రానంది. కాబట్టి ఫైళ్ళు మెస్సుకు వెళ్ళాయి. ఆమెకు యాభై ఏళ్ళుంటాయి. గట్టి మనిషి. నేను టోపీ పెడుతుంటే కూరగాయలు తరుగుతూ కూర్చుంది. సూర్యచంద్రం గారు ఫైలు చదువుతారు, తారకేశ్వరరావు గారు తెర చూస్తారు.

మొదటి ఫైలు యూనివర్సిటీకి కొత్త ముఖద్వారం నిర్మాణం.

"ఉన్న గేటుకేవైందండి?" అంది వీరవేణి.

సూర్యచంద్రం గారు ఫైలంతా తిరగేశారు. "ఏమైందో రాయలేదమ్మా."

"మరెందుకండి? వద్దనండి."

తెరమీద అల చక్కగా లేచింది. తారకేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఒక నిర్ణయాన్ని కళ్ళారా చూడడం ఆయనకు అదే మొదలట.

రెండో ఫైలు ఉపకులపతిగారి విదేశీ విశ్వవిద్యాలయాల సందర్శన.

"ఎందుకెళ్తారండి?"

"అవగాహన నిమిత్తం అని ఉందమ్మా."

"ఎవరికండి అవగాహన?"

అది కూడా రాయలేదు. ఆమె పక్కన పెట్టించింది. పదహారు ఫైళ్ళు అలా పక్కకు వెళ్ళాయి. పదిహేడోది లేడీస్ హాస్టల్ స్నానాల గదుల తలుపులకు గడియలు కావాలని విద్యార్థినులు పెట్టుకున్న అర్జీ.

"ఇది ఎప్పటిదండి?"

"మూడేళ్ళయింది."

"మూడేళ్ళ నుంచి గడియ పెట్టడానికి ఆలోచిస్తన్నారాండి? ఇయ్యాలే పెట్టించండి." ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చాడు. హాస్టలు పిల్లలు మెస్సు బయట నిలబడి చూశారు.

నా ఫైలు మార్చి ఆరో తారీఖుది. వరస తప్పించడానికి సూర్యచంద్రం గారు ఒప్పుకోలేదు. అది ముప్పై ఒకటో తారీఖు మధ్యాహ్నం రెండు గంటలకు వీరవేణి ముందుకొచ్చింది. అయిదు గంటలకు పరీక్షల విభాగం కౌంటరు మూసేస్తారు. అయిదు కాపీలూ నల్ల రెక్సిన్ అట్టతో, వీపున బంగారు అక్షరాలతో నా సంచిలో ఉన్నాయి. భానోజీరావు గారు వీడ్కోలు సభ నుంచి మెడలో దండతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

టోపీ పెట్టాను. వీరవేణి సాంబారు తిప్పుతోంది.

"ఇందులో నా తలకాయి గురించి రాశారంట కదండీ అమ్మగారూ. ఏం రాశారో చదవండి."

యూనివర్సిటీలో అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు. రెండువందల పద్నాలుగో పేజీ తీసి చదివాను. ఒకసారి చదివితే అర్థం కాలేదంది. మామూలు మాటల్లో చెప్పాను. ఆ రోజు నువ్వు మీట నొక్కకముందే నీ మెదడు బీరకాయని తేల్చేసింది, ఆ సంగతి నీకు తర్వాత తెలిసింది అన్నాను.

గరిటె ఆపింది. "నాకు తర్వాత తెల్సిందాండి?"

"అవును. అరసెకను తర్వాత."

"నాకు ముందురోజు రాత్రే తెల్సండి. ఆ వారం పిల్లలకి పరీక్షలు. వంకాయ తింటే నిద్రొస్తదని ఇద్దరు ముగ్గురు తినరు. బీరకాయలు మూడో రోజుకి ముదిరిపోతాయి. రేపు బీరకాయే అనుకుని పడుకున్నానండి. మీరు పొద్దున్న పిలిచి, టోపీ పెట్టి, నాలుగు కూరలెట్టి మీట నొక్కమన్నారు. నొక్కేను. మీ మిషనుకి తెల్సింది నేను మీట నొక్కుదామనుకోవడవే కదండీ. కూర సంగతి దానికెలా తెలుస్తదండి?"

మళ్ళీ గరిటె తిప్పింది.

"ఏ ఆడదైనా పొద్దున్న కూరేంటో రాత్రే అనుకుంటది కదండీ. మీరు అనుకోరేంటండి?"

అనుకుంటాను. ఆ మూడేళ్ళూ, పరీక్ష ఉన్న ప్రతి రాత్రీ, నేను వంటింట్లో శనగలు నానబోసి, రేపటి కూర తరిగి గిన్నెలో మూతపెట్టి, ఆ తర్వాతే పడుకున్నాను. పొద్దున్నే వెళ్ళి ఆడవాళ్ళ తలల మీద టోపీ పెట్టి, కూర ఎప్పుడు నిర్ణయమవుతుందో కనిపెట్టాను.

గుమ్మంలో భానోజీరావు గారు దండ తీసి చేత్తో పట్టుకున్నారు. "రాత్రా" అన్నారు మెల్లగా. ముప్పై ఏళ్ళ ప్రశ్నకు రాత్రి అన్న జవాబు ఉంటుందని ఆయన అనుకోలేదు.

"అయితే సంతకం, అమ్మా?" అన్నారు సూర్యచంద్రం గారు.

"తప్పని తెల్సి ఎలా పెట్టనండి? అది మార్చి తెండి, అప్పుడెడతాను."

"ఈ రోజు దాటితే నేను ఇవ్వడానికి లేదు వీరవేణీ. ఈ చదువు ఇంతటితో పోతుంది."

ఆమె నా ముఖం చూసింది. ఆమెకు బాధ కలిగిందని నాకు తెలుస్తూనే ఉంది. తెరమీద అల లేచింది. "మార్చి తెండమ్మగారూ" అంది.

తారకేశ్వరరావు గారు ఆమె చెప్పినదంతా పొల్లుపోకుండా రాసుకున్నారు. సూర్యచంద్రం గారు వరండాలోకి వెళ్ళి ఉపకులపతిగారికి ఫోన్లో అదంతా చదివి వినిపించారు. అవతల ఉపకులపతిగారు రెండుసార్లు చదివించుకున్నారట. ముఖద్వారమూ విదేశీ సందర్శనా పోగొట్టుకుని ఆయన అయిదు రోజులుగా దారి వెతుకుతున్నారు.

మూడుంపావుకు కొత్త ఉత్తర్వు వచ్చింది. నిర్ణయాలు ముందురోజు రాత్రి ఇంటివద్దనే జరిగిపోవునని శ్రీమతి వీరవేణి గారు వెల్లడించిన నిపుణ అభిప్రాయాన్ని యూనివర్సిటీ సంపూర్ణంగా ఆమోదిస్తున్నదనీ, అధికారులు కూడా అదేవిధంగా రాత్రివేళ నిర్ణయించి ఉదయం సంతకం మాత్రమే చేస్తున్నందున టోపీలో అల లేవకపోవడం సహజమనీ, కాబట్టి పాత పద్ధతి తక్షణం పునరుద్ధరించడమైనదనీ అందులో ఉంది. శ్రీమతి వీరవేణి గారి సేవలను కొనియాడుతూ ఆమెను అదనపు బాధ్యతల నుంచి తప్పించారు.

తారకేశ్వరరావు గారు ఒక్క అభ్యంతరం చెప్పారు. "ఇంట్లో జరిగిన నిర్ణయం ఆఫీసు నిర్ణయం ఎలా అవుతుందండీ?"

"ఉపకులపతిగారి ఇల్లు క్యాంపు ఆఫీసండి. గెజిట్‌లో ఉంది" అన్నారు విశ్వనాథరాజు గారు. రిజిస్ట్రారు క్వార్టరు కూడా అంతేనట. కాగితం చూపించారు. తారకేశ్వరరావు గారు చదివి, హాఫ్ మార్జిన్లు రెండూ వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత నా ఫైలు మీద సంతకాలకు పదకొండు నిమిషాలు పట్టింది. అందులో తొమ్మిది నిమిషాలు మెట్లెక్కడానికి. రిజిస్ట్రారు పెన్సిలు గుర్తు మీద పెట్టారు. ఉపకులపతిగారు కూడా పెన్సిలు గుర్తు మీద పెట్టి, "ప్రపంచ స్థాయి ఫలితం, అభినందనలు" అన్నారు. నా ఫలితం తప్పన్న మాటను ఆమోదించిన ఉత్తర్వు ఆయన చేతికిందే ఉంది. దానిమీద సిరా ఇంకా ఆరలేదు.

నాలుగు గంటలైంది. కౌంటరు ఎదురుగా ఉంది. నేను మెస్సుకు వెళ్ళాను.

వడ్డన బల్ల తుడిచి, అయిదు కాపీలూ పరిచి, అయిదింటిలోనూ రెండువందల పద్నాలుగో పేజీ తీశాను. అచ్చయిన పేరా పక్కన ఖాళీ జాగాలో పెన్నుతో రాశాను. 'పై ముగింపు తప్పు. యంత్రం కొలిచింది మీట నొక్కాలన్న నిర్ణయాన్నే కాని కూర నిర్ణయాన్ని కాదు. అది ముందురోజు రాత్రే, తెలిసే, జరిగింది. ఈ సంగతి చెప్పినది వీరవేణి, లేడీస్ హాస్టల్ మెస్సు. ఇది నాకూ తెలిసి ఉండవలసింది.' కింద సంతకం చేశాను. ఒక్కో కాపీ ఆమెకు చదివి వినిపించాను. అయిదోసారి కూడా శ్రద్ధగా వింది. చేయి తుడుచుకుని నా సంతకం పక్కన తన సంతకం పెట్టింది, ప్రతి కాపీలోనూ.

"చూసి తిప్పి పంపేస్తారేమోనండి."

"పంపితే పంపనీ."

నాలుగు యాభైకి కౌంటరులో ఇచ్చాను. గుమాస్తా అట్ట కొలిచాడు. ఎడమ వైపు ఒకటిన్నర అంగుళం వదిలామా లేదా అని మొదటి పేజీ మీద స్కేలు పెట్టి చూశాడు. వీపున అక్షరాలు బంగారు రంగువేనని నిర్ధారించుకుని రసీదు ఇచ్చాడు.

నవంబరులో మౌఖిక పరీక్ష జరిగింది. ఇద్దరు బయటి పరీక్షకుల నివేదికలు చదివి వినిపించారు. ఒకరు 'ముగింపు అధ్యాయం నిస్సందేహంగా తిరుగులేనిది' అన్నారు. రెండోవారు అదే మాట వేరే వరసలో రాశారు. నేను లేచి, రెండువందల పద్నాలుగో పేజీ గురించి ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాను. అధ్యక్షులు గడియారం చూసుకుని, అంత లోతుకు వెళ్ళే సమయం లేదన్నారు. డాక్టరేట్ ఇచ్చారు.

పట్టా తీసుకున్న రోజు మెస్సుకు వెళ్ళాను. వీరవేణి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా పీట వేసింది. నేనూ ఓ గుప్పెడు ముందుకు లాక్కున్నాను.

"ఇచ్చేసేరాండి?"

"ఇచ్చారు."

"మనం రాసిందానికి ఏవన్నారండి?"

"ఏమీ అనలేదు."

"పెద్ద చదువులోళ్ళు కదండీ. చదివి ఒప్పుకున్నట్టేనాండి?"

"చదవలేదు వీరవేణీ. చదవకుండానే ఒప్పుకున్నారు."

ఆమె చేతిలోని కాయ రెండుగా విరిచి, లోపల పురుగుందేమోనని చూసి, పళ్ళెంలో వేసింది.

"అయితే మీరు ముందు రాసిందే కరక్టేమోనండి అమ్మగారూ. వాళ్ళకి తెలియకుండానే జరిగిపోతన్నట్టుంది."